తోడుకోని పాలు

“పిచ్చి లేదని మీరంటే సరిపోతదా మేడమ్? ఉన్నదని ఇద్దరు డాక్టర్లు సంతకం పెట్టిన్రు. జడ్జి సాబ్ ఆర్డరిచ్చిండు. నాలుగు గంటలకు దవాఖాన బండొస్తది. ఏం జేస్తరు, బండికి అడ్డం పండుకుంటరా?”

జంగయ్య వరండాలో పేము కుర్చీకి జారబడి, వక్క నములుతూ నవ్వాడు. పోలీసు ఉద్యోగంలో జుట్టు నెరిసి, రిటైరయ్యాక మెహదీపట్నంలో సొంత డిటెక్టివ్ ఏజెన్సీ తెరిచిన మనిషి. అదే వృత్తిలో ఒక ఆడమనిషి, అందులోనూ తనకన్నా బాగా చిన్నది, ఉండటం అతనికి మొదటినుంచీ గిట్టదు.

చిన్మయి చేతి గడియారం చూసుకుంది. పదిన్నర దాటింది.

“అడ్డం పడుకునే ఓపిక నాకు లేదు జంగయ్య గారూ. నాలుగింటి దాకా ఈ ఇంట్లో తిరిగే హక్కు మాత్రం ఉంది. నన్ను పిలిచింది ఈ ఇంటి యజమాని.”

“యజమాని!” అతను వక్క ముక్క మెట్ల మీదికి ఊశాడు. “ఆ యజమానికే ఇయ్యాల దవాఖానల మంచం పరుస్తున్నరు.”

యజమాని కీర్తన. వయసు ఇరవై ఆరు. సాతంరాయి దాటాక బెంగుళూరు రోడ్డు పక్కనున్న ఈ కోళ్ళఫారమూ, దాని చుట్టూ ఉన్న పొలమూ తండ్రి పోయాక ఆమె పేరు మీదికి వచ్చాయి. ఈ చుట్టుపక్కల కొత్త విమానాశ్రయం కడతారన్న మాట పుట్టిన దగ్గర్నుంచీ పొలం అడగని బ్రోకరు లేడు. ఆమె అమ్మనంది. తణుకు నుంచి వచ్చి ఆ ఇంట్లోనే స్థిరపడిన బాబాయి పట్టాభిరామయ్య అమ్మమన్నాడు. ఆమె మొండితనం వెనక ఎవరున్నారో కనుక్కోమని జంగయ్యని పెట్టుకున్నది కూడా ఆయనే. ఇప్పుడు కోర్టు ఉత్తర్వు అమలైతే ఆమె ఆస్తికి సంరక్షకుడు ఆయనే అవుతాడు.

మూడు రోజుల క్రితం చిన్మయి అత్తాపూర్ ఆఫీసుకి కీర్తన ఫోన్ చేసింది. ఒకే మాట అని పెట్టేసింది.

“నాకు పిచ్చి పట్టిందో, ఎవరైనా పట్టించారో కనుక్కోండి.”

*

కీర్తన గోడవైపు తిరిగి పడుకుని ఉంది. కిటికీ తలుపులు మూసి ఉన్నాయి. చిన్మయి తెరవబోతే, “వద్దు,” అంది, కదలకుండా.

“మీరు పిలిస్తే వచ్చాను.”

“పిలిచిన రోజు తేల్చుకోవాలని ఉంది. ఇవాళ లేదు. వెళ్ళండి.”

“వెళ్తాను. ముందు మీ నాలుక చూపించండి.”

కీర్తన చటుక్కున ఇటు తిరిగింది. కళ్ళ కింద నల్లగా ఉంది. “మీరు డాక్టరా?”

“కాదు. డాక్టర్లు చూశారా మీ నాలుక?”

“చూడలేదు. రక్తం తీసి, విషమేమీ లేదన్నారు. తారీఖు ఎంత, ప్రధాని ఎవరు అని అడిగారు.” కోపంగా నాలుక బయటికి చాపింది, దెబ్బలాటలో వెక్కిరించే చిన్నపిల్లలాగా.

నాలుక మీద తెల్లటి పూత మందంగా ఉంది. పెదవుల మూలల్లో పగుళ్ళు.

“ముందు ఏడుపు వచ్చిందా, విరేచనాలు వచ్చాయా?”

“ఛీ! ఏమిటా ప్రశ్న?”

“జవాబు చెప్పండి, అసహ్యించుకోవడం తర్వాత.”

కీర్తన లేచి కూర్చుంది. కోపమే ఆమెను లేపి కూర్చోబెట్టిందని చిన్మయికి అర్థమైంది. ఆ కోపాన్ని చల్లారనివ్వకూడదు.

“జనవరిలో టైఫాయిడ్ వచ్చింది. ఆ మందులకి కడుపు పాడైంది. డాక్టర్ భార్గవ్ అని కడుపు డాక్టరు, మాత్రలిచ్చారు. ఫిబ్రవరి అంతా శుభ్రంగా ఉన్నాను. సాయంత్రాలు షటిల్ ఆడాను. మార్చిలో మళ్ళీ కడుపు పట్టుకుంది. ఆ వెనక నిద్ర పోయింది. తర్వాత…” ఆగింది. “ఏడవడానికి కారణం వెతుక్కునేదాన్ని. కారణం దొరికేది కాదు, ఏడుపు మాత్రం ఆగేది కాదు. చాలా? రాసుకున్నారా?”

“ఏప్రిల్లో హిమాయత్‌సాగర్ కట్ట మీదికి ఎందుకు వెళ్ళారు?”

“అందరూ దూకబోయానంటారు. నేను నీళ్ళు చూస్తూ నిలబడ్డాను. దూకేదాన్నో కాదో నాకు తెలీదు. నా సంగతి నాకే తెలీకపోవడం ఎలా ఉంటుందో మీకు అర్థమవుతుందా? కాదులెండి, మీకెలా అవుతుంది. ఆ జంగయ్య గారు వెనకాలే వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. ఈ ఇంట్లో నన్ను తిట్టకుండా మాట్లాడింది ఆయనొక్కరే.”

మంచం పక్క స్టూలు మీద గోధుమరంగు గాజు సీసా. లోపల సగానికి మాత్రలు. జిలాటిన్ గొట్టంలో పొడి నింపి మూసే రకం.

“ఇవేనా భార్గవ్ ఇచ్చినవి?”

“అవే. రోజుకి మూడు. మానేస్తే ఇంకా దిగజారతానని అందరూ అంటారు. పిన్ని తప్ప.”

“పిన్నిగారేమంటారు?”

“పిన్ని ఏదైనా వద్దనే అంటుంది. వెళ్ళి ఆవిణ్ణే అడగండి. నన్నొదిలెయ్యండి.”

చిన్మయి సీసా చేతిలోకి తీసుకుంది. కీర్తన వద్దనలేదు. మళ్ళీ గోడవైపు తిరిగిపోయింది.

*

“లోపలికి రాకండి. గుమ్మంలోనే నిలబడి అడగండి. మడి.”

జ్ఞానప్రసూనాంబ వంటింట్లో పాలగిన్నె దించుతోంది. నేత చీర, తడిజుట్టు ముడి. చేతిలో పట్టకార, ముఖంలో విసుగు.

“కీర్తన మాత్రలంటే మీకెందుకు పడదు?”

“క్రిముల్ని మింగించడం ఏమిటండీ? ఆ డాక్టరు కుర్రాడు ఇంటికొచ్చి, మీరు నిలబడ్డచోటే నిలబడి గంటసేపు ఉపన్యాసం ఇచ్చాడు. మన పేగుల్లో కోట్లకొద్దీ క్రిములున్నాయట. వాటిల్లో మంచివి చచ్చిపోతే అరుగుదలే కాదు, మనసు కూడా చెడొచ్చునట. పేగులకీ మెదడుకీ నరాల దారి ఉందట. ఇంకా పూర్తిగా తేలలేదు, పైదేశాల్లో పరిశోధనలు జరుగుతున్నాయి అని కూడా అన్నాడు. పెరుగులో ఉండేలాంటి క్రిముల్నే ఎండబెట్టి మాత్రలో పెట్టారట. పెరుగులో ఉంటే పెరుగే పెట్టొచ్చుగా? మా ఇంట్లో పెరుగుకి కరువా?”

“ఆ ఉపన్యాసం ఎవరెవరు విన్నారు?”

“అందరం విన్నాం. మా వారూ, నేనూ, వరండాలో కూర్చున్న ఆ పెద్దమనిషీ. వినక చస్తామా, అంత గొంతేసుకుని చెబుతుంటే.”

చిన్మయి చూపు తొట్టిపక్కన పడింది. అంట్ల గిన్నెలు బొగ్గుపొడి అంటుకుని ఉన్నాయి. ప్రసూనాంబ చేతివేళ్ళ గోళ్ళలో కూడా అదే నలుపు.

“అంట్లు మీరే తోముకుంటున్నారా?”

“తప్పుతుందా? యేసుమణిని వంటింటి పనిలోంచి తీసేశాను. గుడ్లు ఏరే షెడ్డుకి పంపాను.”

“ఎందుకు?”

“తోడు ముట్టుకుంది.”

“మీరు చూశారా?”

“చూడాలా? పాలు తోడుకోలేదు. ముప్పై ఏళ్ళుగా పెరుగు తోడేస్తున్నాను. చలికాలంలో కూడా నా చేత్తో వేసిన తోడు తప్పలేదు. అలాంటిది మండుటెండల్లో రెండుసార్లు పాలు పాలల్లే ఉండిపోయాయి. అడిగితే నేను ముట్టుకోలేదమ్మా అని ఒట్లు. ముట్టుకోకపోతే ఎందుకవుతుంది?”

“ఇంట్లో పాలన్నీ తోడుకోలేదా?”

“అన్నీ ఎందుకూ? కీర్తన గిన్నె ఒక్కటే. దానికి విడిగా చిన్న గిన్నెలో తోడేస్తాను.”

“పెద్ద గిన్నె?”

“అది గట్టిగానే తోడుకుంది.”

“రెంటికీ తోడు ఒకటేనా?”

“ఒకటే.”

“పాలు?”

“ఒకటే కాచు.” ప్రసూనాంబ పట్టకార కింద పెట్టింది. “ఏమిటి మీ ఆరా?”

“తోడు యేసుమణి వల్ల పాడైతే రెండు గిన్నెలూ పాడవ్వాలి. ఒక్క గిన్నే ఎందుకు పాడైంది? ఆ రెండు రోజులూ కీర్తన గిన్నెలో మీరు ఇంకేం వేశారు?”

పొంగిన పాలు పొయ్యిగట్టు మీద మరకలు కట్టి ఉంటే ప్రసూనాంబ గుడ్డతో తుడవసాగింది. చిన్మయి తొందరపెట్టలేదు.

చివరికి ఆవిడే అంది, కటువుగా. “మాత్ర మింగలేక కక్కుకుంది. రెండూ ఒకటే జాతి క్రిములని డాక్టరన్నాడుగా? మాత్ర విప్పి ఆ పొడి తోడుతో పాటు పాలల్లో కలిపాను. మామూలుకన్నా గట్టి పెరుగవుతుందనుకున్నాను. అందులో తప్పేముంది?”

“తప్పేం లేదు. అందులో డాక్టరు చెప్పిన క్రిములే ఉంటే పాలు ఇంకా తొందరగా తోడుకోవాలి.” చిన్మయి సీసా మూత తీసి, ఒక మాత్ర విప్పి అరచేతిలో పోసింది. పసుప్పచ్చటి పొడి. “గేదెకి పొదుగువాపు వచ్చి, డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చిన రోజుల్లో పాలు తోడేస్తే ఏమవుతుంది?”

“తోడుకోవు,” అంది ప్రసూనాంబ అలవాటుగా. “ఆ మందు పాలల్లోకి…”

అరచేతిలోని పొడిని చూస్తూ ఉండిపోయింది.

*

“ఆ సీసా అక్కడ పెట్టండి.”

వెనకనుంచి వచ్చినవాడు పట్టాభిరామయ్య. ఇస్త్రీ పంచె, జేబులో రెండు కలాలు.

“ఈ సీసాలు ఎక్కడివండీ?” అడిగింది చిన్మయి.

“మీకు చెప్పవలసిన అవసరం నాకు లేదు.”

“నాకు చెప్పకపోతే కోర్టులో చెబుదురు గాని.”

ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. “మొదటి సీసా డాక్టరు స్వయంగా చేతికిచ్చాడు. అది అయిపోయాక నెలనెలా అబిడ్స్ నుంచి తెప్పిస్తున్నాను. సొంత కూతురికి కూడా ఎవరూ ఇంత శ్రద్ధగా మందులు వాడరు.”

“రెండో సీసా ఎప్పుడొచ్చింది?”

“మార్చి మొదట్లో.”

“పొలం అమ్మనని కీర్తన ఖచ్చితంగా చెప్పింది ఎప్పుడు?”

“ఫిబ్రవరి ఆఖర్న. దానికీ దీనికీ…” ఆయన మాట ఆగింది. మెడ నరాలు ఉబ్బాయి. “అంటే? నేను నా అన్నకూతురికి విషం పెడుతున్నానంటారా? బయటికి నడవండి! జంగయ్యా!”

జంగయ్య నింపాదిగా వచ్చాడు. “ఏందయ్యా పరేషాన్? మేడమ్ ఏమంటున్నది?”

“మొదటి సీసా వాడిన నెల ఆ అమ్మాయి షటిల్ ఆడింది,” అంది చిన్మయి. “రెండో సీసా మొదలయ్యాక కడుపు పోయింది. కడుపు పోయిన తర్వాత నిద్ర పోయింది, నిద్ర తర్వాత మనసు పోయింది. వరస అది. రక్తంలో విషం ఉందేమోనని డాక్టర్లు చూసి, లేదన్నారు. విషం కాదు కాబట్టి దొరకలేదు. క్రిముల్ని చంపే మందు. మంచి క్రిములు పోతే మనసు దిగజారొచ్చునని డాక్టరు జాగ్రత్త చెప్పాడు. ఆ జాగ్రత్తని ఎవరో తిరగేసి వాడుకున్నారు.”

జంగయ్య పెద్దగా నవ్వాడు. “పెరుగన్నం దినకుంటే మనిషి పిచ్చోడైతడా? మా తాత జన్మల పెరుగు ముట్టలే. గుండ్రాయి లెక్క బతికిండు.”

“మీ తాతగారి కడుపులో ఉన్నవాటిని రోజుకి మూడుసార్లు ఎవరూ చంపలేదు.”

“మనసు తలకాయల ఉంటది మేడమ్. కడుపుల ఉండేది ఆకలి.”

“పై ఆఫీసరు రమ్మని కబురు పెడితే మీకు మొదట ఎక్కడ తెలిసేది? తలలోనా, కడుపులోనా?”

జంగయ్య నవ్వు ఆగింది. పట్టాభిరామయ్య కూడా ఒక్క క్షణం అతని వైపు చూశాడు.

“ప్రతి దిగులుకీ కడుపే కారణమని నేననడం లేదు,” అంది చిన్మయి. “ఆ డాక్టరూ అనలేదు. ఈ అమ్మాయికి ముందు కడుపు పాడైంది. పాడైందా, పాడుచేశారా అన్నది మధ్యాహ్నానికి తేలుస్తాను. రెండు గిన్నెలు, ఒకే పాలు, ఒకే తోడు. ఒకదాంట్లో ఈ మాత్ర.”

“పెరుగు కోర్టుకొస్తదా?”

“పచ్చపొడి వస్తుంది. పెరుగు మీ కళ్ళకోసం.”

“నా వంటింట్లో ఈ వేషాలు సాగవు,” అన్నాడు పట్టాభిరామయ్య. “వెళ్ళండి, లేకపోతే మెడపట్టి గెంటిస్తాను.”

“వంటింట్లో ఎవరి వేషాలు సాగాలో చెప్పడానికి మీరెవరండీ?”

ఆ మాట అన్నది ప్రసూనాంబ. మొగుడివైపు కూడా చూడకుండా అంది. “నా చేత్తో వేసిన తోడు తప్పింది. ఎందుకు తప్పిందో నాకు తెలియాలి. రెండు గిన్నెలూ నేనే తోడేస్తాను. ఈవిడ చూస్తుంది. అందాకా ఎవరూ గుమ్మం తొక్కడానికి వీల్లేదు.”

పాలు గోరువెచ్చన అయ్యేదాకా ఆగి, వేలు ముంచి చూసి, ఆవిడ రెండు గిన్నెల్లో సమానంగా పోసింది. రెంటిలోనూ చెంచా నిండా తోడు వేసింది. రెండో గిన్నెలో చిన్మయి మాత్ర విప్పి పోసి కలిపింది. పదకొండుం పావుకి వంటింటి తలుపుకి తాళం పడింది. తాళంచెవి ప్రసూనాంబ బొడ్లో దోపుకుంది. చిన్మయి ఆ తలుపుకి ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

ఎదుటివాళ్ళ ముఖాలు చూడటానికి అది మంచి చోటు. పట్టాభిరామయ్య వాలుకుర్చీలో పేపరు తెరిచి, ఒకే పేజీ పట్టుకుని కూర్చున్నాడు. జంగయ్య రెండుసార్లు వచ్చి తాళం వైపు చూసి పోయాడు. మూడోసారి వచ్చినప్పుడు, “ఇంత ఎండకు పాలు ఇరిగిపోతయి గని తోడుకోవు,” అన్నాడు.

“మీరు పెరుగు ముట్టని వంశం కదా, ఎలా తెలిసింది?”

“నోరు బాగున్నది మేడమ్ మీకు. ఎన్నడో ఆ నోరే ముంచుతది.”

*

మూడున్నరకి తాళం తీశారు.

మొదటి గిన్నె మూత తీసి ప్రసూనాంబ పక్కకి వంచింది. పెరుగు కదల్లేదు. మీగడ మీద వేలు ఆనిస్తే చిన్న గుంట పడింది.

రెండో గిన్నె వంచింది. పాలు అంచుదాకా జారి, పొయ్యిగట్టు మీద ఒలికాయి. పల్చగా, లేత పసుపు చాయలో ఉన్నాయి.

ప్రసూనాంబ గిన్నె కింద పెట్టింది.

“ఏమండీ,” అంది. “పిల్లకి ఏం పెట్టారు?”

“ప్రసూనా! నోరు ముయ్యి!”

“ముప్పై ఏళ్ళు మూశాను. ఏం పెట్టారో చెప్పండి.”

జంగయ్య వంగి గిన్నెలోకి చూశాడు. రుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. ఇంతసేపూ అతనిలో ఉన్న వెటకారం మాయమైంది.

“మేడమ్, మీరే గెలిచిన్రు,” అన్నాడు. “నేను కేసు ఒప్పుకున్న గని గిట్లాంటి పని ఒప్పుకోలే. కళ్ళతోని చూసినంక ఇగ నేను గూడ సాక్ష్యం చెప్త. ముందుగాల ఆ బండిని ఆపాలె. దవాఖానకు ఫోన్ చేస్త. ఆ సీసా జర ఇయ్యున్రి, మందు పేరు చదివి డాక్టర్‌కు చెప్పాలె గద.”

ఓడిపోయానని జంగయ్య నోటితో అనడం చిన్మయి ఊహించనిది. ఆ మాట ఆమెకు బాగా రుచించింది. సీసా ఇచ్చింది. అతను గబగబా ముందుగదిలోకి వెళ్ళాడు.

ఆమె పట్టాభిరామయ్య వైపు తిరిగింది. “కూర్చోండి. పచ్చపొడి ఎక్కణ్ణుంచి వచ్చింది? మీ కోళ్ళ మందుల గదిలోంచేనా?”

“ఆ గదిలోకి నేను అడుగుపెట్టను. కోళ్ళ వాసనకి నాకు ఉబ్బసం వస్తుంది. ఎవరినైనా అడగండి.”

పది నిమిషాలు అదే ప్రశ్న, అదే జవాబు. “మాత్రలు విప్పి, పొడి మార్చి, మళ్ళీ మూసింది ఎవరు? సీసాలు తెచ్చింది మీరు.”

“నేను తేలేదు.”

“పొద్దున మీ నోటితోనే చెప్పారు.”

“తెప్పిస్తున్నానని చెప్పాను!” ఆయన అరిచాడు. “తెచ్చానని చెప్పలేదు. ఈ మోకాళ్ళతో నేను అబిడ్స్ దాకా ఎక్కడ వెళ్ళగలను? పొలం అమ్మించాలనుకున్న మాట నిజం. సంరక్షకుణ్ణి అవుతానని సంతోషించిన మాటా నిజం. పిల్లకి నిజంగానే పిచ్చనుకున్నాను. అదీ నా పాపం. మాత్రల్లో ఏముందో నాకు తెలియదు!”

తెప్పించడం. ఆ మాట పొద్దున ఆమె చెవిన పడింది. పడి, తేవడంగా మారిపోయింది. తనకు ఎవరిమీద అనుమానం ఉందో వాళ్ళ మీదికే ఆ మాటని తోసేసింది.

“ఎవరిచేత తెప్పించారు?” అంది చిన్మయి.

పట్టాభిరామయ్య ముందుగది వైపు చూశాడు. “అతనిచేతే. వారం వారం సిటీ నుంచి వస్తాడుగా. పొలానికి బేరం తెచ్చింది కూడా అతని బావమరిదే.”

ముందుగదిలో ఎవరూ లేరు. ఫోను రిసీవరు బల్ల మీద పక్కకి పెట్టి ఉంది, లోపల డయల్‌టోన్ మోగుతోంది. ఒక్క నంబరు కూడా తిప్పలేదు.

కీర్తన గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం ఖాళీ. పొద్దున వద్దన్న కిటికీ తెరిచి, రెండు రెక్కలూ గోడకి ఆనేలా తోసి ఉన్నాయి. అద్దం ముందు దువ్వెన, దాంట్లో తడి ఆరని వెంట్రుకలు. ముఖం కడుక్కుని, తల దువ్వుకుని వెళ్ళింది. లాక్కెళ్ళిన గుర్తు ఒక్కటీ లేదు.

చిన్మయి పక్క వాకిలి లోంచి గేటు వైపు పరిగెత్తింది. గేటు పక్క షెడ్డులో గుడ్ల అట్టల మధ్య యేసుమణి కూర్చుని ఉంది. తల ఎత్తలేదు.

“కీర్తనని చూశావా?”

“నన్నెందుకడుగుతున్నరు? నేను చూస్తే గూడ ఏదన్న పాడైతదేమో. ఇంట్లోల్లనే అడుగున్రి.”

“నువ్వు తోడు ముట్టుకోలేదని తేలింది. అది తర్వాత మాట్లాడదాం. కీర్తన ఎటు వెళ్ళింది?”

యేసుమణి చేతిలో గుడ్డు అట్టలో పెట్టి, అప్పుడు చూసింది. చిన్మయి ముఖం చూశాక లేచి నిలబడింది.

“జంగయ్య సారు కార్ల ఎక్కింది. నవ్వుకుంట ఎక్కిందమ్మా. ఎన్నాళ్ళకు నవ్విందో! నాకు పిచ్చి లేదంట యేసుమణీ, తేలిపోయిందంట అని చెప్పింది. గా మేడమే గెలిచిందంట అన్నది. సారు దవాఖానల సంతకం పెట్టిపిచ్చి తోలుకొస్త అన్నడంట.”

చిన్మయి గేటు పట్టుకుంది. కీర్తన గది వంటింటికి పదడుగుల దూరంలో ఉంది. గెలిచిన మాట అందరికన్నా ముందు వినవలసిన మనిషి అక్కడ గోడవైపు తిరిగి పడుకుని ఉంటే, తను జంగయ్య మెచ్చుకోలు వింటూ, పట్టాభిరామయ్యని నిలదీస్తూ నిలబడింది. ఆ మాట జంగయ్య వెళ్ళి చెప్పాడు.

“కారు సిటీ వైపు పోయిందా?”

“లేదు. గదే నాక్కూడ సమజ్ గాలే. సిటీ దిక్కు పోవాలె గద? కొత్వాల్‌గూడ దిక్కు మలిపిండు. సాగర్ తొవ్వ.”

సాగర్. ఏప్రిల్లో కట్ట మీద నిలబడ్డ పిల్ల. దూకబోయిందని ఊరంతా చెప్పుకున్న పిల్ల. ఈసారి నీళ్ళలో తేలితే ఎవరూ ఒక్క ప్రశ్న కూడా వెయ్యరు. ఆర్డరు కాగితం చూసి, పాపం అనుకుని, వారసుడైన బాబాయి చేత పొలం సంతకాలు పెట్టించుకుంటారు. సీసా కూడా అదే నీళ్ళలోకి పోతుంది.

వరండాలోకి వచ్చిన పట్టాభిరామయ్య మెట్ల మీద కూలబడ్డాడు. చేతిలోని కారు తాళాలు పక్కన పెట్టాడు. “డ్రైవరు లేడు, నాకు నడపడం రాదు,” అన్నాడు. “ఇవాళ సెలవు ఇమ్మని జంగయ్యే చెప్పాడు.” కారు నడపడం చిన్మయికీ రాదు.

“పోలీసులకి ఫోన్ చెయ్యండి. మొత్తం చెప్పండి, మీ సంగతితో సహా. వంటింట్లో గిన్నె ఎవర్నీ ముట్టుకోనివ్వకండి.”

అప్పుడే గేటు ముందు దుమ్ము లేచింది. తెల్లటి వ్యాను వచ్చి ఆగింది. కిటికీలకి ఇనుప జాలీలు. ఖాకీ చొక్కా కాంపౌండరు కాగితాలు బిగించిన అట్ట పట్టుకుని దిగాడు.

“కీర్తన అంటే ఎవరు? పేషెంటును తయారు చేసిన్రా?”

“మీకు రావద్దని ఫోన్ వచ్చిందా?”

“ఫోనా? మాకేం ఫోన్ రాలే. పేషెంట్ యాడున్నది?”

చిన్మయి జవాబివ్వకుండా ముందు తలుపు తీసి డ్రైవరు పక్కన ఎక్కింది.

“ఓ అమ్మా! గిదేంది? దిగు! మా ఆర్డర్ల నీ పేరు లేదు.”

“మీ పేషెంటు హిమాయత్‌సాగర్ కట్ట మీద ఉంది,” అంది ఆమె. “పక్కన ఆమెని చంపబోయేవాడున్నాడు. ఇంకా ఇక్కడే నిలబడి అడిగితే మీరు సంతకం చేసి తీసుకెళ్ళవలసింది శవాన్ని. బండి తిప్పండి.”

డ్రైవరు కాంపౌండరు ముఖం చూశాడు. కాంపౌండరు చేతిలో అట్ట చూసుకున్నాడు.

తర్వాత పరిగెత్తుకొచ్చి వెనక తలుపు పట్టుకుని వేలాడాడు. “తిప్పుర భై! కొత్వాల్‌గూడ తొవ్వ!”